ఫోనులో తీసిన వీడియో కోర్టు దాకా చెక్కుచెదరకుండా వెళ్లాలంటే

ఇందుకూరుపేట మండలం నుంచి ఒక రొయ్యల రైతు, కాలేజీలో చదువుతున్న కొడుకును వెంటబెట్టుకుని నా దగ్గరకు వచ్చారు. నేను నెల్లూరులో న్యాయవాదులకు డిజిటల్ ఆధారాల కాగితాలు సిద్ధం చేసిపెడుతుంటాను. పెరిగిన రొయ్యలు పట్టి అమ్మడానికి పది రోజుల ముందు ఎవరో రాత్రిపూట తమ గుంట గట్టు తెగ్గొట్టారని, రొయ్య సగానికి పైగా కాలువలోకి పోయిందని, గట్టు తవ్వుతుండగా పిల్లవాడు పక్క గట్టు మీద నుంచి వీడియో తీశాడని ఆయన చెప్పారు.

వీడియో చూశాను. నలభై సెకన్లు. గుంట నీటిలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర వెలుగుతున్న లైటు కింద పార పట్టుకున్న మనిషి, ఒక్కసారి ఇటు తిరిగిన ముఖం. "ఇంత స్పష్టంగా ఉంటే ఇంకేం కావాలి సార్?" అన్నారు రైతు. నేను పిల్లవాణ్ణి అడిగాను, "అసలు వీడియో ఎంతసేపుంది బాబూ?" అని.

"రెండు నిమిషాల దాకా ఉంటుంది సార్. మొదట్లో అంతా చీకటే. అందుకని కత్తిరించి గ్రూపులో పెట్టాను. ఫోనులో జాగా లేక పెద్దది తీసేశాను."

"తీసేసి ఎన్నాళ్లయింది?"

"రెండు నెలలు దాటింది."

మిగిలిన ముక్కను కంప్యూటర్లో తెరిచి చూస్తే, ఆ ఫైలు పుట్టింది గట్టు తెగిన రాత్రి కాదు, మర్నాడు ఉదయం పదకొండు గంటలకు. కత్తిరించిన యాప్ తన సమయం వేసుకుంది. అవతలి న్యాయవాదికి అంతకంటే ఏం కావాలి?

ఇలాంటివాళ్లను చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. వీడియోను తారుమారు చేసినవాడు ఆనవాళ్లు చెరపడానికి ఏం చేస్తాడో చూడండి. అసలు ఫైలును మాయం చేస్తాడు. తనకు పనికిరాని ముక్క కోసేస్తాడు. మరో యాప్‌లో వేసి కొత్తగా సేవ్ చేస్తాడు. వాట్సాప్ గుండా తిప్పి లోపలి వివరాలు రాలిపోయేలా చేస్తాడు. ఈ పిల్లవాడు ఏ పాపమూ ఎరగకుండా అవన్నీ చేశాడు. ఫోరెన్సిక్ ల్యాబులో కూర్చున్న నిపుణుడికి కనబడేది ఫైలు, చేసినవాడి మనసు కాదు. నిజాన్ని తీసిన వీడియో దొంగ వీడియోలా కనబడకుండా కాపాడుకోవడం ఎలాగో వరుసగా చెబుతాను. ఇందులో డబ్బు ఖర్చయ్యేది దాదాపు ఏమీ లేదు, ఒక పెన్ డ్రైవ్ తప్ప.

తీస్తున్నప్పుడు

అవకాశం ఉంటే మధ్యలో ఆపకండి. ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ సందులో ఏం జరిగిందనే ప్రశ్న పుడుతుంది. ముఖం మీదికే జూమ్ చేయకుండా, అది ఏ చోటో తెలిపే గుర్తును ఒకసారి చూపండి: కరెంటు స్తంభం మీద నంబరు, తూము, పక్క గుంట షెడ్డు, రోడ్డు మీదైతే కిలోమీటరు రాయి. ప్రమాదం లేకపోతే తేదీ, సమయం, ఊరు పేరు నోటితో చెప్పండి. మాటను, బొమ్మను కలిపి మార్చడం ఒక్కదాన్ని మార్చడం కంటే కష్టం. చుట్టూ ఉన్న శబ్దాన్ని రానివ్వండి. ఏరియేటర్ మోత చిరాకుగా ఉందని మైకు మూయకండి. ఆ మోత ఎలా పనికొస్తుందో కింద చెబుతాను.

తీసిన తరువాత

చేయి పెట్టవద్దు. కత్తిరించడం, వెలుతురు పెంచడం, అడ్డంగా ఉన్నదాన్ని నిలువు చేయడం, మీద బాణం గుర్తు వేయడం, ఏదీ వద్దు. పోలీసులకు చూపడానికో, ఊళ్లో పెద్దలకు చూపడానికో చిన్న ముక్క కావాలంటే ముందు నకలు తీసి ఆ నకలును కత్తిరించండి. చాలా ఫోన్ల గ్యాలరీలో కత్తిరించాక 'సేవ్', 'కాపీగా సేవ్' అని రెండు దారులుంటాయి. మొదటిది నొక్కారంటే అసలు మీద దెబ్బ పడినట్టే.

పొరపాటున తీసేశారా? ఈ రోజే చెత్తబుట్ట తెరవండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన వీడియో చెత్తబుట్టలో 60 రోజులుంటుంది, బ్యాకప్ కానిది 30 రోజులే. ఆ గడువు దాటితే దానంతట అదే పోతుంది. ఇందుకూరుపేట పిల్లవాడు పదిహేను రోజుల్లో వచ్చి ఉంటే వాళ్ల రెండు నిమిషాలూ దొరికేవి. చెత్తబుట్టలోనూ లేకపోతే, పోయిన ఫైళ్లను తిరిగి తెస్తామనే యాప్‌లు ఆ ఫోనులోకి దింపకండి. దింపిన ప్రతి యాప్ ఖాళీ జాగా మీద కొత్తగా రాస్తుంది. ఆ జాగాలోనే మీ వీడియో ఆనవాళ్లు మిగిలి ఉండవచ్చు. ఫోను వాడకం తగ్గించి నేరుగా న్యాయవాదితో మాట్లాడండి.

బ్యాకప్ విషయంలో ఇంకో చిక్కు. గూగుల్ ఫొటోస్‌లో 'స్టోరేజ్ సేవర్' ఎంచుకుని ఉంటే వీడియోను కుదించి దాచుతుంది. ఆ తరువాత 'జాగా ఖాళీ చేయి' నొక్కితే ఫోనులోని అసలు పోయి, కుదించిన నకలే మిగులుతుంది. ముఖ్యమైన వీడియో ఉన్నప్పుడు ఆ మీటను ముట్టుకోకండి.

ఫోనును అమ్మకండి, ఎక్స్ఛేంజ్ ఆఫర్లో ఇవ్వకండి. పండగ సీజన్లో ఇది నేను ఎక్కువగా చూసే తప్పు. వీడియో పెన్ డ్రైవ్‌లో భద్రంగా ఉంది కదా అనుకుని పాత ఫోను ఇచ్చేస్తారు. ఇచ్చేముందు ఫ్యాక్టరీ రీసెట్ చేస్తారు. ఈ తరం ఫోన్లలో దాచినదంతా సంకేతాల్లోకి మారి ఉంటుంది. రీసెట్ చేయగానే ఆ సంకేతం విప్పే తాళంచెవి నశిస్తుంది. ఆ తరువాత లోపలి సమాచారం బయటకు తీయడం నిపుణులకు కూడా దాదాపు అసాధ్యం. పైగా, ఈ వీడియో ఈ ఫోనుతోనే తీశారని తేల్చడానికి ల్యాబుకు ఆ ఫోనే కావాలి.

ఒక తెల్లకాగితం

అదే రోజు రాసి పెట్టుకోండి. ఎవరు తీశారు, ఎక్కడ నిలబడి తీశారు, ఏ ఫోను, ఫోను గడియారం సరిగ్గా ఉందా, వీడియో ఎంతసేపు, ఫైలు పేరు ఏమిటి. ఫోనులో *#06# నొక్కితే తెర మీద ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోనును గుర్తుపట్టే పదిహేను అంకెల సంఖ్య, కనిపిస్తుంది. రెండు సిమ్ముల ఫోనైతే రెండు నంబర్లు. అవీ రాయండి. కింద సంతకం, తేదీ. తరువాత ఆ వీడియోను ఎవరికి, ఏ రోజు, ఏ దారిన ఇచ్చారో అదే కాగితం మీద వరుసగా రాస్తూ పోండి. మూడేళ్ల తరువాత బోనులో నిలబడినప్పుడు ఎవరి జ్ఞాపకమూ అంత గట్టిగా ఉండదు.

నకలు తీసే దారి

వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది దాన్ని మళ్లీ కుదించి, కొత్తగా అల్లి, పేరు మార్చి పంపుతుంది. పేరు చివర 'డబ్ల్యూఏ' అక్షరాలు, ఒక వరుస సంఖ్య ఉన్న ఫైలు వాట్సాప్ గుండా వచ్చినదని న్యాయవాదులు కూడా ఇప్పుడు చూడగానే పట్టేస్తున్నారు. బొమ్మ అదే. ఫైలు మాత్రం వేరు. వాట్సాపే దిక్కయితే అటాచ్ గుర్తు నొక్కి 'డాక్యుమెంట్' దారిలో పంపండి. అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వెళుతుంది.

అంతకంటే మంచి దారి కేబుల్. ఫోనును కంప్యూటర్‌కు కలిపి, కెమెరా ఫోల్డర్ తెరిచి, ఫైలును కాపీ చేయండి. కట్ చేయవద్దు. ఐఫోను వాడేవాళ్లు ముందు సెట్టింగ్స్‌లో ఫొటోస్ తెరిచి, అట్టడుగున కంప్యూటర్‌కు పంపే చోట 'ఆటోమేటిక్' ఉంటే దాన్ని 'అసలువే ఉంచు' అనే ఎంపికకు మార్చండి. లేకపోతే కాపీ అవుతుండగానే వీడియో మరో రూపంలోకి మారిపోవచ్చు. అలా మారిన ఫైలును తెలియక కోర్టులో వేసి, అసలు ఫోనులోని దానితో పోల్చినప్పుడు ఎందుకు తేడా వచ్చిందో చెప్పలేక తలపట్టుకున్నవాళ్లు ఉన్నారు.

రెండు కొత్త పెన్ డ్రైవ్‌లలో రెండు నకళ్లు వేయండి. ఒకటి మీ ఇంట్లో, ఒకటి న్యాయవాది దగ్గర. అతి జాగ్రత్త అనిపించవచ్చు. 2022 ఏప్రిల్‌లో మన నెల్లూరు కోర్టులోనే ఒక కేసుకు చెందిన పత్రాలు, ల్యాప్‌టాప్, ఫోన్లు ఉన్న సంచిని ఎత్తుకుపోయారు. ఆ చోరీ కేసును హైకోర్టు అదే ఏడాది నవంబరులో సీబీఐకి అప్పగించింది. ఆధారం కోర్టు గదిలో ఉందంటే భద్రంగా ఉన్నట్టే అన్న నమ్మకం నాకు అప్పుడే పోయింది.

సీసీ కెమెరా దృశ్యాల గురించి ఒక మాట. ఒంగోలులో ట్రంకు రోడ్డు దుకాణాల్లోనైనా, సింగరాయకొండ దగ్గర హైవే పక్క హోటళ్లలోనైనా జరిగేది ఇదే: మానిటర్లో ఆడుతున్న దృశ్యాన్ని మరో ఫోనుతో తీసుకుని వచ్చేస్తారు. తెర మీది గీతలు, గదిలోని మాటలు, చేతి వణుకు అన్నీ అందులో చేరతాయి. తారుమారు జాడలు దాచాలనుకునేవాడు కూడా సరిగ్గా ఇలాగే తెరను తిరిగి చిత్రిస్తాడు. కెమెరా దృశ్యాలను దాచే డీవీఆర్ పెట్టెలోంచి ఫైలునే ఎక్స్‌పోర్ట్ చేయించుకోండి. అది ఆడే ప్లేయర్ ప్రోగ్రాము కూడా అడగండి. ఆలస్యం చేయకండి. హార్డ్ డిస్కు నిండగానే పాత దృశ్యాల మీద కొత్తవి రాసేస్తుంది. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెల లారీ గుద్దిన ప్రమాదమైనా, పొగాకు వేలం దగ్గర గొడవైనా, నెల తరువాత వెళితే ఆ రోజు దృశ్యం ఉంటుందని చెప్పలేం.

హ్యాష్ తీయడం

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. ఒక ఫైలులోని మొత్తం సమాచారాన్ని లెక్కగట్టి, దానికొక పొడవాటి గుర్తు ఇచ్చే పద్ధతి హ్యాష్. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో ఆ గుర్తు 64 అక్షరాల పొడవు ఉంటుంది. రెండు నిమిషాల వీడియోలో ఒక్క చుక్క రంగు పిసరంత మారినా, గుర్తు గుర్తంతా మారిపోతుంది. ఫైలు పేరు మార్చినా, వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసినా మారదు.

తీయడం తేలిక. కంప్యూటర్లో సెవెన్-జిప్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంటే ఫైలు మీద కుడి మీట నొక్కి, 'సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ' అన్నచోట ఎస్‌హెచ్‌ఏ-256 ఎంచుకోండి. వచ్చిన గుర్తును చేత్తో రాయకుండా కాపీ చేసి ప్రింటు తీయండి, తెల్లకాగితానికి జతచేయండి. రెండు పెన్ డ్రైవ్‌లలోని నకళ్లకూ తీసి మూడూ ఒకటేనా చూడండి. తేడా వస్తే కాపీ సరిగ్గా కాలేదు. మళ్లీ చేయండి.

ఎండీ5, ఎస్‌హెచ్‌ఏ-1 అనే పాత పద్ధతులు కూడా కనిపిస్తాయి. ఎండీ5కు ఒకే గుర్తు వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను పరిశోధకులు 2004లోనే చూపారు. ఎస్‌హెచ్‌ఏ-1కు 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ పరిశోధకులు కలిసి చూపారు. ఎంచుకునే వీలున్నప్పుడు 256 ఎంచుకోండి.

హ్యాష్ ఒక్క విషయమే చెబుతుంది: దాన్ని తీసిన క్షణం నుంచి ఫైలు మారలేదని. అంతకుముందు ఏం జరిగిందో దానికి తెలియదు. అబద్ధపు వీడియోకు కూడా చక్కటి హ్యాష్ వస్తుంది. అందుకే ఘటన జరిగిన రోజుకు ఎంత దగ్గరలో హ్యాష్ తీస్తే అంత బలం.

ఫైలు పొట్టలో ఏముంది

ఫైలు లోపలి వివరాలు చూపే మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో మీ వీడియో తెరిచి చూడండి. ముందు మిమ్మల్ని కంగారు పెట్టేది సమయం. రాత్రి 10:42కు తీసిన వీడియోకు లోపల 17:12 అని కనిపిస్తుంది. ఎవరూ మార్చలేదు. ఫోన్లు లోపల అంతర్జాతీయ సమయం రాస్తాయి. మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఈ తేడా తెలియక సొంత వీడియోనే అనుమానించిన క్లయింట్లు నాకు తగిలారు. ఇంకో సంగతి, కొన్ని ఫోన్లలో ఫైలు పేరులో ఉన్నది తీయడం మొదలైన సమయం, లోపల రాసినది ముగిసిన సమయం. రెండు నిమిషాల వీడియోకు రెండు నిమిషాల తేడా వస్తే బెదరకండి. ఏ తేదీ వివరమూ లేని ఎంపీ4 రకం వీడియో ఫైలుకు కొన్ని ప్రోగ్రాములు 1904 జనవరి 1 అని చూపుతాయి. ఆ పద్ధతిలో సమయాన్ని అక్కణ్ణుంచి సెకన్లలో లెక్కపెడతారు కాబట్టి సున్నా ఉంటే ఆ తేదీ వస్తుంది.

ఎంపీ4 ఫైలు ఒక టిఫిన్ క్యారియర్ లాంటిది. లోపల గిన్నెలు ఉంటాయి. ఒకదాంట్లో ఇది ఏ రకం ఫైలో చెప్పే వివరం, ఒకదాంట్లో ఏ ఫ్రేము (వీడియోలోని ఒక్కో బొమ్మ) ఎక్కడుందో చెప్పే పట్టిక, పెద్ద గిన్నెలో అసలు బొమ్మ, శబ్దం. ఏ గిన్నె పైన ఉండాలి, దేనికి ఏ చీటీ అంటించాలి అన్నది ఒక్కో కంపెనీ ఫోను ఒక్కో తీరులో చేస్తుంది. ఎడిటింగ్ యాప్‌లో వేసి బయటకు తీస్తే ఆ యాప్ గిన్నెలను తన అలవాటు ప్రకారం సర్దుతుంది. కొన్నిసార్లు తన పేరు కూడా చీటీ మీద రాస్తుంది. తేదీ చీటీని మార్చడం ఎవరికైనా సాధ్యమే. అసలు ఫోను సర్దిన తీరును పూర్తిగా అనుకరించడం మాత్రం అంత సులువు కాదు. ల్యాబువాళ్లు అందుకే తేదీని చూసి ఆగిపోరు. అదే మోడల్ ఫోనుతో కొత్త వీడియో తీసి, రెండింటి అమరికనూ పక్కపక్కన పెట్టి చూస్తారు.

ఇందుకూరుపేట రైతుతో పాటు వచ్చిన ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఆ తేదీ ఒక్కటి సరిచేస్తే పోతుంది కదా, జరిగింది నిజమే కదా" అన్నారు. ఆయన దురుద్దేశంతో అనలేదు. అయినా చేతులు జోడించి వద్దన్నాను. నిజమైన వీడియోకు అబద్ధపు తేదీ వేస్తే అది అబద్ధపు సాక్ష్యం అవుతుంది. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కోర్టు విచారణ కోసం తప్పుడు సాక్ష్యం సృష్టిస్తే 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆధారంగా చూపాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు అందకుండా నాశనం చేస్తే 241వ సెక్షన్ ఉంది. చిన్న తప్పు దిద్దబోయి నష్టపోయినవాడే ముద్దాయి అవుతాడు. కత్తిరించామని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎందుకు, ఎప్పుడు, ఏ యాప్‌తో అన్నది మీ నోటితో ముందే వస్తే, అవతలివాళ్లు కనిపెట్టి బయటపెట్టడానికి ఏమీ మిగలదు.

ల్యాబు ఏం చూస్తుంది

ఇది మీరు చేసే పని కాదు. అయినా తెలిసి ఉంటే పైన చెప్పిన జాగ్రత్తలు ఎందుకో మనసుకు ఎక్కుతుంది.

కెమెరా సెన్సార్ మీద లక్షల కొద్దీ చుక్కలుంటాయి. తయారీలో వచ్చే సూక్ష్మమైన తేడాల వల్ల ఏ రెండు సెన్సార్లూ వెలుతురును సరిగ్గా ఒకేలా పట్టవు. ఆ తేడా ప్రతి ఫ్రేములోనూ సన్నటి మరకలా మిగులుతుంది. దాన్ని వేలిముద్రలా వాడుకుని ఏ కెమెరాతో తీశారో గుర్తించవచ్చని అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. పోల్చడానికి ఆ ఫోనుతో కొత్తగా తీసిన వీడియోలు కావాలి. అందుకే ఫోను అమ్మవద్దన్నాను. వాట్సాప్ కుదింపు ఆ మరకను బాగా పలచబరుస్తుంది. చేతి వణుకును సరిదిద్దే సౌకర్యం కూడా ఫ్రేములను అటూ ఇటూ జరిపి పోల్చడాన్ని కష్టం చేస్తుంది. అందుకే అసలు ఫైలు ఉంటేనే ఈ పరీక్షకు బలం.

ఇక శబ్దం. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. సరిగ్గా 50 కాదు, గ్రిడ్ (కరెంటు మోసే లైన్ల వల) మీద భారాన్ని బట్టి క్షణక్షణం రవ్వంత ఎక్కువ, రవ్వంత తక్కువ. కరెంటు మీద నడిచే మోటార్ల హోరులో ఆ ఊపు కలిసి మైకులోకి రావచ్చు. ఆ ఊపును గ్రిడ్ రికార్డుతో పోల్చి, శబ్దం ఏ సమయానిదో చెప్పే పద్ధతి ఉంది. 2013 డిసెంబరు 31న రాయచూర్, షోలాపూర్ మధ్య లైనుతో దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో కలిసినప్పటి నుంచి దేశమంతా ఒకే ఊపు. కాబట్టి ఈ పద్ధతి ఎప్పుడు అన్నది చెప్పగలదు కానీ, నెల్లూరా నాగపూరా అన్నది చెప్పలేదు. మధ్యలో ముక్క కోసి అతికించి ఉంటే ఆ అతుకు దగ్గర ఊపు తెగి కనబడవచ్చు. గుంట దగ్గర ఏరియేటర్లు కరెంటు మీద నడుస్తుంటే ఆ హోరు మీకు మేలు చేసే సాక్షి. డీజిల్ జనరేటర్ మీద నడుస్తుంటే మాత్రం ఆ ఊపు గ్రిడ్‌ది కాదు.

మళ్లీ కుదించిన వీడియోలో మొదటి కుదింపు తాలూకు జాడలు లయగా మిగులుతాయి. ఫ్రేములు తీసేసిన చోట ఆ లయ తప్పుతుంది. ఇవన్నీ తెలిసిన తారుమారు నిపుణుడు ఆ జాడల మీద కూడా పని చేస్తాడు. ఒకదాన్ని దాచడానికి కుదిస్తాడు, కుదించింది దాచడానికి తెరను తిరిగి చిత్రిస్తాడు. అలా నాణ్యత తగ్గే కొద్దీ ల్యాబుకు పట్టు తగ్గుతుంది. 'మార్చారు' అని కాకుండా 'చెప్పలేం' అని నివేదిక రావడమే అతడికి గెలుపు. కృత్రిమ మేధతో ముఖం, గొంతు మార్చే పద్ధతులు వచ్చాక, వీడియోను మాత్రమే చూసి తేల్చడం ఇంకా కష్టమైంది. కాబట్టి ఫైలు ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న కాగితానికి విలువ పెరిగింది.

చట్టం అడిగే కాగితం

2024 జులై 1 నుంచి 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ ఆధారాల గురించి చెప్పిన పాత 65బి సెక్షన్ పనిని ఇప్పుడు 63వ సెక్షన్ చేస్తుంది. నకలును ఆధారంగా వేస్తే ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలు. మొదటిది ఫోను లేదా కంప్యూటర్ ఎవరి అధీనంలో ఉందో వాళ్లు ఇచ్చేది, రెండవది నిపుణుడు ఇచ్చేది. రెండింటిలోనూ హ్యాష్ విలువ, ఏ పద్ధతిలో తీశారో రాయడానికి గళ్లున్నాయి. ఫోను మోడల్, రంగు, క్రమసంఖ్య, ఐఎంఈఐ కూడా అడుగుతుంది. తెల్లకాగితం రాసుకున్నవాళ్లకు ఇది పది నిమిషాల పని.

ధ్రువపత్రం లేకుండా నకలు చెల్లదని సుప్రీంకోర్టు 2014లో అన్వర్ కేసులో చెప్పింది. 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో దాన్నే ఖాయం చేస్తూ, యజమాని అసలు పరికరాన్నే కోర్టుకు తెచ్చి సాక్ష్యం చెబితే ధ్రువపత్రం అక్కర్లేదని వివరించింది. ఆ తీర్పులు పాత చట్టం మీద వచ్చినవి. కొత్త చట్టం 57వ సెక్షన్ ప్రకారం, సరైన అధీనంలోంచి వచ్చిన ఎలక్ట్రానిక్ రికార్డును ఎవరూ వివాదం చేయనంత వరకు ప్రాథమిక సాక్ష్యంగా, అంటే అసలుగానే, తీసుకుంటారు. అవతలివాళ్లు వివాదం చేయరని ఎవరు చెప్పగలరు? అందుకని ఫోనూ ఉంచుకోండి, ధ్రువపత్రమూ సిద్ధం చేసుకోండి. రెండవ భాగానికి ఎవరి సంతకం సరిపోతుందో మీ న్యాయవాదిని అడిగి వాళ్లు చెప్పినట్టే చేయండి.

పోలీసులు ఫోను తీసుకుంటే, స్వాధీన పంచనామాలో మోడల్, ఐఎంఈఐ, వీలైతే వీడియో ఫైలు పేరు, హ్యాష్ రాయమని మర్యాదగా కోరండి. నకలు అడిగి తీసుకోండి. సోదా, స్వాధీనాలను ఆడియో వీడియోగా రికార్డు చేయాలని, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతోంది. ఫోను ఇచ్చే ముందు 'ఏమైనా అవుతుందేమో' అని ఫొటోలు, చాట్‌లు తుడవకండి. ఎంత సొంత విషయమైనా సరే, ఆ తుడుపు సమయం ఫోనులో నమోదై ఉండవచ్చు. దేనికోసం తుడిచారన్న ప్రశ్నకు మీ దగ్గర ఉన్న జవాబును ఎవరూ నమ్మరు.

మీ మీదికే వీడియో వస్తే

చూసిన వెంటనే 'అది కల్పితం' అని అరవకండి. తరువాత అసలు ఫైలు దొరికి నిజమని తేలితే మీ మిగతా మాటలకూ విలువ పోతుంది. మీరు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఏ ఫోనుతో తీశారు? ఆ ఫోను ఇప్పుడు ఎక్కడుంది? మొదటి ఫైలు ఏది, ఇది ఎన్నో నకలు? హ్యాష్ ఏ రోజు తీశారు? ధ్రువపత్రంలో రెండు భాగాలూ ఉన్నాయా, వాటిలో రాసిన హ్యాష్, పెన్ డ్రైవ్‌లోని ఫైలు హ్యాష్ ఒకటేనా? ఈ ఆఖరి ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నేనైతే పెన్ డ్రైవ్ నకలు చేతికి రాగానే మొదట చేసేది అదే.

ముందూ వెనకా ఏమైందో అడగండి. గొడవలో మీరు చేయి ఎత్తిన ఐదు సెకన్లే చూపి, అంతకుముందు అవతలివాడు కర్రతో వచ్చిన నిమిషం దాచేస్తే, ఆ ఐదు సెకన్లలో ఒక్క ఫ్రేమూ మార్చనక్కర్లేదు. అసలు ఫైలు, దాన్ని తీసిన పరికరం తెప్పించమని నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద మీ న్యాయవాది కోర్టును కోరవచ్చు. అదే చోట ఇంకెవరైనా తీశారేమో ఊళ్లో వాకబు చేయండి. వేరే కోణంలో, వేరే మనిషి తీసిన వీడియో కంటే మంచి పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు.

ఇందుకూరుపేట రైతు విషయంలో మేం చివరకు చేసింది అదే. గ్రూపులో పెట్టకముందు పిల్లవాడు ఇంకెవరికైనా పంపాడేమోనని ఒక్కొక్కరినీ అడిగాం. అల్లూరులో ఉన్న వాళ్ల మేనమామకు ఆ రాత్రే పంపాడట, వాట్సాప్‌లో వీడియోగానే. కుదించినదే, లోపలి వివరాలు రాలిపోయినదే, కానీ మొత్తం రెండు నిమిషాలూ ఉంది. ఆయన ఫోనులో అది చేరిన సమయం రాత్రి 10:51. ఆ ఫోను కదపకుండా ఉంచమన్నాం, హ్యాష్ తీశాం, ఆయన పేరుతో వేరే తెల్లకాగితం రాయించాం. కత్తిరించిన సంగతి పిల్లవాడి వాంగ్మూలంలో మొదటి పేరాలోనే రాయించాం. గుంట పక్క షెడ్డుకు కరెంటు ఏ లైను నుంచి వస్తుందో, ఆ రాత్రి జనరేటర్ వేశారో లేదో కూడా రైతును గుర్తుచేసుకుని రాయమన్నాను.

కేసు ఇంకా నడుస్తోంది. ఆరు నెలలకు ఒకసారి ఆయన బీరువాలోంచి పెన్ డ్రైవ్ తీసుకుని వస్తారు. కంప్యూటర్‌కు పెట్టి, హ్యాష్ తీసి, కాగితం మీది 64 అక్షరాలతో ఒక్కొక్కటిగా పోల్చి, తేదీ వేసి ఇద్దరం సంతకం చేస్తాం. కొన్నేళ్లు పక్కన పడేస్తే పెన్ డ్రైవ్‌లు చెడిపోయే అవకాశం ఉంది కాబట్టి మీరూ ఇలాగే అప్పుడప్పుడు తెరిచి చూడండి. గుర్తు తప్పితే రెండో నకలు నుంచి వెంటనే కొత్తది తీసుకుని, ఆ సంగతి కూడా కాగితం మీద రాయండి.